సాయంత్రం అయిదు తర్వాత

(ఒక తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి అభిప్రాయం)

చదువుకున్నవాడికీ చేతిపని చేసేవాడికీ మధ్య మన దేశంలో ఒక గోడ ఉందని పెద్దలు ఏనాటినుంచో చెబుతున్నారు. మనం సభల్లో కూర్చుని చప్పట్లు కొడుతున్నాం. సభ అయిపోగానే ఎవరి దారిన వాళ్ళం పోతున్నాం. ఆ గోడ గురించి ఇంకో ఉపన్యాసం దంచడం నా ఉద్దేశం కాదు. ఆ గోడకు ఒక చిన్న తలుపుంది, వారంలో రెండు సాయంత్రాలూ ఎప్పుడన్నా ఒక ఆదివారమూ దాన్ని తెరిచి ఉంచితే చాలు అని మాత్రమే నా మనవి. ఆ తలుపు పేరు చిత్రముద్రణ. ప్రింట్‌మేకింగ్ అంటారు. మన ఆర్టు కాలేజీలవాళ్ళు గ్రాఫిక్స్ అని కూడా అంటారు.

"సైన్సు చదివేవాడికి ఈ బొమ్మల గోలెందుకురా?" అని హాస్టల్లో నన్ను అడిగినవాళ్ళు చాలామందే ఉన్నారు. అడగడంలో తప్పేమీ లేదు. మాది చిత్తూరు జిల్లాలో ఒక పల్లె. నాలుగెకరాల మెట్ట, బావి కింద ఎకరన్నర చెరుకు. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది నేనే మొదలు. మావాళ్ళ దృష్టిలో చదువంటే ఉద్యోగం, ఉద్యోగమంటే అప్పు తీరడం. అలాంటి ఇంటినుంచి వచ్చినవాడు సాయంత్రంపూట లినోలియం ముక్క చెక్కుతూ కూర్చుంటే, ఎందుకో చెప్పవలసిన పూచీ వాడిమీదే ఉంది. ఆ పూచీ తీర్చుకోడానికే ఈ వ్యాసం.

నిరుడు జూలై నుంచి ఈ ఊళ్ళోనే ఒక చిత్రకారుని ఇంటివెనక రేకుల షెడ్డులో మంగళ, శుక్రవారాల సాయంత్రాలూ, ఆదివారం ఉదయాలూ ఈ పని నేర్చుకుంటున్నాను. మొత్తం పన్నెండుమందిమి. ఒక బ్యాంకు గుమాస్తా, ఇద్దరు టీచర్లు, ఒక టైలరు, పెళ్ళి శుభలేఖలు వేసే స్క్రీన్ ప్రింటింగ్ షాపు కుర్రాడు, మిగతావాళ్ళం స్టూడెంట్లం. మాలో ఎవరమూ రేపు పేరుపొందిన చిత్రకారులం అయిపోతామని అనుకోవడం లేదు. మా మాష్టారు కూడా అలాంటి ఆశలేమీ పెట్టలేదు. "వారానికి మూడు పూటలతో ఆర్టిస్టు తయారుకాడు, కన్ను మాత్రం తయారవుతుంది" అని మొదటిరోజే చెప్పేశారు.

గట్టు, సాలు, బంక, జల్లెడ

తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్తాను. చిత్రముద్రణలో ముఖ్యంగా నాలుగు దారులున్నాయి. ఇవి కొత్తవీ కావు, మన ఇళ్ళకు దూరమైనవీ కావు.

మొదటిది ఉబ్బెత్తు పద్ధతి. చెక్క మీదో లినోలియం మీదో అక్కర్లేని భాగమంతా చెక్కేస్తాం. మిగిలిన ఎత్తు భాగానికి రోలరుతో సిరా పూసి కాగితం అద్దుతాం. చెరుకు తోటలో గట్టూ సాలూ ఉంటాయి చూడండి, ఇందులో సిరా ఉండేది గట్టు మీద. మచిలీపట్నం పక్కన పెడనలో కలంకారీ అద్దకానికి వాడే టేకు అచ్చులు ఈ జాతివే. కరక్కాయ, పటిక, ఆ అచ్చులు - వీటితో తెలుగు దేశపు గుడ్డలు సముద్రాలు దాటి వెళ్ళాయి. అద్దకం మనకు ఒకరు వచ్చి నేర్పవలసిన విద్య కాదు.

రెండోది దీనికి సరిగ్గా తలకిందులు. దీంట్లో సిరా సాలులో ఉంటుంది. జింకు పలకకో రాగి పలకకో తేనెమైనం, తారు కలిపిన పూత పూసి, దబ్బనం లాంటి సూదితో గీతలు గీస్తాం. పూత పోయినచోట లోహం బయటపడుతుంది. పలకను ఆమ్లంలో ముంచితే గీసినచోట మాత్రమే తినేస్తుంది. పూత తుడిచేసి, ఆ గాట్లలో సిరా నింపి, పైన శుభ్రంగా తుడిచి, తడి కాగితం వేసి, కంబళి కప్పి, రెండు ఇనుప రోలర్ల మధ్య తిప్పితే సాలులో సిరా కాగితం మీదికి లేచి వస్తుంది. ఇదే ఎచింగ్. ఆ ప్రెస్సును మొదటిసారి చూసినప్పుడు, ఇది మా చెరుకు గానుగే కదా అనిపించింది. అక్కడ రసం పిండుతాం, ఇక్కడ సిరా పిండుతున్నాం.

మూడోది లితోగ్రఫీ. 1796లో జర్మనీలో ఆలోయిస్ సెనెఫెల్డర్ అనే ఆయన కనిపెట్టాడు. నున్నటి సున్నపురాతి మీద జిడ్డు పెన్సిలుతో బొమ్మ గీస్తారు. రాతికి అరబిక్ బంక పట్టిస్తారు. అది మన తుమ్మబంకకు అన్నదమ్ముల వరస. రాయి తడిపితే ఖాళీ జాగా నీటిని పట్టుకుంటుంది, జిడ్డు గీత సిరాను పట్టుకుంటుంది. నీళ్ళూ నూనే కలవవన్న ఒక్క మాట మీద నడిచే విద్య ఇది. ఈనాటి ఆఫ్‌సెట్ ముద్రణకు కూడా ఇదే మూలం. మీ చేతిలోని పాఠ్యపుస్తకం ఆఫ్‌సెట్‌లో అచ్చయిందయితే అది ఈ సూత్రం మీదనే అచ్చయింది.

నాలుగోది జల్లెడ పద్ధతి, అంటే స్క్రీన్ ప్రింటింగ్. చిల్లులున్న ముగ్గు డబ్బా నేలమీద దొర్లించి ముగ్గు వేసే ఆడవాళ్ళకు దీని కిటుకు వేరే చెప్పనక్కర్లేదు.

గాటు పడ్డాక గాటే

మాకు మొదటి ఆరు నెలలూ లినోకట్ తప్ప ఇంకేమీ ముట్టనివ్వలేదు. లినోలియం అంటే అవిసె నూనెను గాలికి గట్టిపరచి, రెసిన్, బెండు పొడి కలిపి, జనపనార గుడ్డ మీద పరిచిన పదార్థం. నేలమీద పరచడానికి పుట్టిన సరుకు. కాసేపు ఎండలో పెడితే మెత్తబడి ఉలికి లొంగుతుంది. ఉలి పోయే దారిలో ఎడమచేతిని ఎన్నడూ పెట్టకూడదు. వంపు తిప్పాలంటే ఉలిని కాదు, పలకను తిప్పాలి. మన అక్షరాలన్నీ గుండ్రాలే కాబట్టి తెలుగువాడికి ఈ పాఠం త్వరగానే వంటబడుతుంది. పైగా అచ్చులో కుడి ఎడమలు మారిపోతాయి గనక, అక్షరాన్ని అద్దంలో కనపడ్డట్టు చెక్కాలి. ఒకసారి 'శ్రీ' అని ఎదురుగా చెక్కి చూడండి, ఇన్నేళ్ళుగా రాస్తున్న అక్షరాన్ని మనం ఒక్కనాడూ సరిగా చూడలేదని తెలుస్తుంది.

దీనికి ప్రెస్సు కూడా అక్కర్లేదు. సిరా పూసిన పలక మీద కాగితం పరిచి, గరిటె వెనకభాగంతో గట్టిగా రుద్దితే చాలు. ఒక లినో ముక్క, నాలుగు ఉలులు, చిన్న రోలరు, ఒక డబ్బా సిరా - నలుగురు స్నేహితులు పట్నంలో మల్టీప్లెక్సుకు వెళ్ళి పాప్‌కార్న్ కొనుక్కునే డబ్బుతో మొదలుపెట్టొచ్చు. ఇది డబ్బున్నవాళ్ళ సరదా అనే మాట ఎచింగ్ ప్రెస్సు విషయంలో కొంత నిజం. లినో విషయంలో నిజం కాదు.

లండన్లో 1926 నుంచి 1930 దాకా గ్రోవనర్ స్కూలులో లినోకట్ నేర్పిన క్లాడ్ ఫ్లైట్ అనే ఆయన, చిత్రకళలోకి రాకముందు ఇంజనీరింగు పనిచేశాడు, లైబ్రరీలో చేశాడు, వ్యవసాయం చేశాడు, తేనెటీగలు పెంచాడు. సామాన్యుడు ఒక పూట బీరుకో సినిమా టిక్కెట్టుకో పెట్టే డబ్బుకు ఒక లినో బొమ్మ దొరకాలన్నది ఆయన కోరిక. మట్టి పిసికిన చెయ్యి ఉలి పట్టుకోలేదని ఇక ఎవరూ అనకండి.

ఇంకో మాట. మన ప్రాక్టికల్ రికార్డుల సంగతి అందరికీ తెలిసిందే. సీనియరు రికార్డు ఎదురుగా పెట్టుకుని, రావలసిన జవాబునుంచి వెనక్కి లెక్కవేసి రీడింగులు నింపే విద్యలో మనలో చాలామంది డిస్టింక్షన్ కొట్టగలరు. లెక్చరర్లకూ తెలుసు, మనకూ తెలుసు, ఎవరూ మాట్లాడరు. లినో దగ్గర ఈ ఎత్తు పారదు. తీసేసిన ముక్క తిరిగి అతకదు. ఫోనులో అయితే ఒక్క నొక్కుతో వెనక్కి పోవచ్చు, ఇక్కడ గాటు పడ్డాక గాటే. అందుకే ఉలి దింపేముందు ఆలోచించడం అలవాటవుతుంది. ప్రయోగశాలలో మనకు రావలసి ఉండీ రాని అలవాటు సరిగ్గా ఇదే.

లేబు గోడకు అవతల

ఎచింగ్‌లోకి వచ్చేసరికి నాకు ఇంకో ఆశ్చర్యం కలిగింది. మూడేళ్ళుగా బట్టీపట్టిన కెమిస్ట్రీ అంతా ఆ షెడ్డులో బతికే ఉంది. పాతకాలంనుంచీ జింకును నైట్రిక్ ఆమ్లంలో తినిపిస్తారు. గీతల వెంబడి బుడగలు లేస్తాయి, వాటిని పక్షి ఈకతో నెమ్మదిగా తుడుస్తూ ఉండాలి. ఆమ్లం ఘాటుగా ఉంటే గోధుమరంగు పొగ వస్తుంది. అది నైట్రోజన్ డయాక్సైడ్ అనీ, ఊపిరితిత్తులకు చేటనీ మనకు పుస్తకంలో ఉంది. రాగి పలకకయితే ఫెర్రిక్ క్లోరైడ్ వాడతారు, ఆ పొగ ఉండదు.

మా మాష్టారు మాత్రం మాకు నైట్రిక్ ఆమ్లం ముట్టనివ్వలేదు. మైలతుత్తం, ఉప్పు కలిపిన నీళ్ళలో జింకు పలక ముంచడం నేర్పారు. జింకు కరిగి ద్రావణంలోకి పోతుంది, రాగి ఎర్రటి పొడిలా బయటికి వస్తుంది. ఏ లోహం ఏ లోహాన్ని స్థానభ్రంశం చేస్తుందో ఇంటర్మీడియెట్‌లోనే చదివాం. మైలతుత్తం మా ఇంటికి కొత్త కాదు. సున్నంతో కలిపితే అదే బోర్డో మిశ్రమం, నిమ్మతోటలకు తెగుళ్ళు రాకుండా కొట్టేది. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతపు ద్రాక్షతోటల కోసం మిలార్డే అనే శాస్త్రజ్ఞుడు 1885లో లోకానికి తెలియజేసిన మందు అది. ఈ ఎచింగ్ పద్ధతికి కూడా కొందరు బోర్డో పేరే పెట్టుకున్నారు. వాడేసిన ద్రావణాన్ని కాలవలో పారబోస్తే చేపలు చస్తాయి. అందుకని సున్నం కలిపి రాగిని అడుక్కు దింపాలి. తోటలో మా నాయన చేసే పనీ, లేబులో మా లెక్చరర్ చెప్పే సమీకరణమూ, షెడ్డులో నా పలకా మూడూ ఒకటేనని నాకు అక్కడే తెలిసింది.

ఫిజిక్సువాళ్ళకూ వాటా ఉంది. పాయిసెల్ పద్ధతిలో నీటి స్నిగ్ధతా గుణకం కట్టి రికార్డులో పడేస్తాం, అక్కడితో సరి. ఆ స్నిగ్ధత మీదనే నిలబడ్డ ముద్రణ పద్ధతి ఒకటుంది. ఒకే లోహపు పలకను రకరకాల లోతుల్లో తయారుచేస్తారు. ఒక రంగులో అవిసె నూనె ఎక్కువ పోసి పలచగా, ఇంకోదాన్ని చిక్కగా ఉంచుతారు. పలచని రంగును గట్టి రోలరుతో పైమట్టం మీదికి ఎక్కిస్తారు. తర్వాత చిక్కని రంగును మెత్తని రోలరుతో దొర్లిస్తే, ఆ రోలరు పల్లాల్లోకి దిగి అక్కడ రంగు పెడుతుంది. పైన పలచని రంగున్నచోట చిక్కనిది అంటుకోదు. ఒకే పలక, ఒకేసారి ప్రెస్సులో తిప్పడం, ఎన్నో రంగులు. బెల్లం పాకాన్ని గరిటె జారుడు చూసి పదును చెప్పే మా ఊరి పెద్దలకు ఈ విద్య ఇట్టే పట్టుబడుతుందని నా నమ్మకం.

ఈ పద్ధతిని ప్యారిస్‌లో తీర్చిదిద్దినవారిలో ముఖ్యులు మన తెలుగువారు, అందులోనూ మా చిత్తూరు జిల్లావారు అని ఎంతమందికి తెలుసు? ఎన్. కృష్ణారెడ్డి గారు 1925లో నందనూరులో పుట్టారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివారు, తర్వాత లండన్ వెళ్ళారు, ప్యారిస్‌లో 'అతెలియే 17' అనే ముద్రణశాలలో చేరి దానికి సహ సంచాలకులయ్యారు. కైకో మోతీ అనే మరో భారతీయుడితో కలిసి అక్కడ చేసిన ప్రయోగాలనుంచే ఈ స్నిగ్ధత ముద్రణ వచ్చింది. 1972లో పద్మశ్రీ వచ్చింది. తర్వాత న్యూయార్కులో ఎందరికో నేర్పి 2018లో కన్నుమూశారు. చిత్రముద్రణ తెలిసినవాళ్ళు ఏ దేశంలో ఉన్నా ఆయన పేరు చెబితే లేచి నిలబడతారు. మా జిల్లాలో నేను పదిహేనేళ్ళు బడిలో చదివి, ఆ పేరు ఒక్కసారి కూడా వినలేదు. ఈ షెడ్డులోనే విన్నాను.

ఆ 'అతెలియే 17'ను 1927లో స్థాపించిన స్టాన్లీ విలియం హేటర్ ఏం చదివాడో తెలుసా? లండన్ కింగ్స్ కాలేజీలో కెమిస్ట్రీ, జియాలజీ. 1922 నుంచి మూడేళ్ళు ఇరాన్‌లో అబాదాన్ దగ్గర చమురు కంపెనీలో ఉద్యోగం చేశాడు. ఆ తర్వాతే ప్యారిస్ వచ్చి ముద్రణశాల పెట్టాడు. కాబట్టి "బి.ఎస్సీ. వాడికి ఇదెందుకు" అన్నవాళ్ళకు జవాబు నేను చెప్పనక్కర్లేదు, ఆయన ఎప్పుడో చెప్పాడు.

గిట్టుబాటు సంగతి

సంక్రాంతి సెలవులకు నేను చెక్కిన బెల్లం గానుగ బొమ్మ ఇంటికి తీసుకెళ్ళాను. మా నాయన దాన్ని వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న: "దీనికి ఎన్ని దినాలు పట్టింది రా?" మూడు వారాలన్నాను. "మూడు వారాలకు ఒకటా!" అన్నాడు. "ఒకటి కాదు నాయనా, ఇరవై తీసినాను. కావాలంటే ఇంకా తీయొచ్చు" అన్నాను. కాగితం కింద 3/20 అని పెన్సిలుతో రాసింది చూపించాను. కాసేపు ఆలోచించి, "అట్లయితే గిట్టుబాటే" అన్నాడు. మర్నాడు నాలుగు కాపీలు తీసుకుపోయి గానుగ దగ్గర పనిచేసినవాళ్ళకు ఇచ్చి వచ్చాడు.

ఈ కళ గుట్టంతా ఆ మాటలోనే ఉంది. రంగుల చిత్రం ఒకటి వేస్తే అది ఒకరి గోడమీదికి పోతుంది. ముద్రించిన బొమ్మ ఇరవై ఇళ్ళకు పోతుంది. ఎవరి బొమ్మ చెక్కామో వాళ్ళకే ఒక కాపీ ఇవ్వొచ్చు. అందుకనే కష్టజీవుల కథ చెప్పదలచుకున్నవాళ్ళు చాలామంది ఈ దారి పట్టారు. జర్మనీలో కేతే కోల్విట్జ్ 1902 - 1908 మధ్య రైతుల తిరుగుబాటు మీద ఎచింగులు చేసింది. అందులో ఒకదానిలో ఎద్దులకు బదులు మనుషులే నాగలి లాగుతుంటారు. మన దేశంలో చిత్తప్రసాద్ కూలీలనూ పనిచేసే పిల్లలనూ లినోలో చెక్కారు. 1946లో బెంగాల్ కౌలురైతులు పంటలో మూడింట రెండు వంతులు తమకు దక్కాలని లేచిన తేభాగా ఉద్యమాన్ని సోమనాథ్ హోర్ కళ్ళారా చూసి డైరీ రాశారు, బొమ్మలు గీశారు, చెక్క మీద చెక్కారు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ గారు తన పల్లెలోని మేకలనూ చెట్లనూ మనుషులనూ ఎచింగ్ పలకల మీదికి ఎక్కించారు. వీళ్ళ చేతుల్లో పల్లె కాలెండరు బొమ్మలా ముద్దుగా ఉండదు, ఉన్నది ఉన్నట్టుగా ఉంటుంది.

మరి మార్కుల సంగతి? సాయంత్రం మూడు పూటలు పోతే చదువు వెనకబడదా? నిజమే, సమయం పోతుంది. రోజుకు ఇరవైనాలుగు గంటలే. అయితే ఫోనులో రీల్సు చూస్తూ పోయే సమయాన్ని మనం ఎన్నడూ లెక్కపెట్టడం లేదు, పని నేర్చుకునే సమయాన్ని మాత్రం కాణీతో సహా లెక్కపెడుతున్నాం. పరీక్షల నెలలో క్లాసు మానుకోవచ్చు. లినో ముక్క ఎక్కడికీ పారిపోదు.

గేటు

ఇప్పటిదాకా చెప్పిందంతా బాగానే ఉంది. అసలు బాధ ఇప్పుడు చెప్తాను. సాయంత్రపు క్లాసు, ఆదివారపు క్లాసు అనగానే "అందరికీ వీలుగా ఉంటుంది" అంటారు. అందరికీ అంటే ఎవరికి?

మా కెమిస్ట్రీ బాచ్‌లో ఒక అమ్మాయి మాతోపాటే చేరింది. వాళ్ళది నేతపని ఇల్లు. చెయ్యి వణకదు, కన్ను తప్పదు. రెండోవారానికే ఆమె చెక్కిన గీతను మాష్టారు మా అందరికీ చూపించి, గీతంటే ఇదీ అన్నారు. క్లాసు వదిలేది ఏడున్నరకు. ఆమె ఉండే హాస్టలు గేటు మూసేది ఆరున్నరకు. అనుమతి కోసం ఉత్తరం పెట్టింది. "ఇది సిలబస్‌లో ఉందా?" అన్నది జవాబు. లేదు కాబట్టి అనుమతీ లేదు. ఆరువారాలు ఆదివారాలు మాత్రం వచ్చి, అదీ కుదరక మానేసింది. సగం చెక్కిన ఆమె పలక ఇంకా షెడ్డులో అలమర మీదే ఉంది. మగపిల్లలం మేం తొమ్మిదింటికి వెళ్ళినా అడిగేవాళ్ళు లేరు. మాలో ఆమెకున్న చెయ్యి ఎవరికీ లేదు.

ఆదివారం సంగతీ అంతే. కలుపు రోజుల్లో, వేరుశనగ పీకే రోజుల్లో, చెరుకు నరికే రోజుల్లో పల్లెనుంచి వచ్చినవాళ్ళు శనివారం రాత్రే బస్సెక్కుతారు. డే స్కాలర్లకు చివరి బస్సు ఉంటుంది. ఫీజుల కోసం సాయంత్రం షాపుల్లో పనిచేసేవాళ్ళు మన క్లాసులోనే ఉన్నారు. చివరకు మిగిలేది ఊళ్ళో సొంత ఇల్లూ సొంత బండీ ఉన్నవాళ్ళే. అలాంటప్పుడు చిత్రముద్రణ సామాన్యుడి కళ అని ఎన్ని చెప్పినా అది గోడమీద రాతే.

కాబట్టి ఈ క్లాసు ఊరవతల షెడ్డులో కాదు, మన కాలేజీ ఆవరణలోనే జరగాలని నా వాదన.

నా ప్రతిపాదన

ఉత్త కోరికలు కోరి ఊరుకోవడం మన యూనియన్లకు అలవాటయిన పనే గనక, లెక్కప్రకారం చెప్తాను.

ఒకటి: కెమిస్ట్రీ లేబు వెనక పాత సామాను పడేసిన గది ఒకటి ఖాళీ చేయించాలి. వారానికి రెండు రోజులు, మధ్యాహ్నం మూడున్నర నుంచి అయిదున్నర దాకా అక్కడ క్లాసు. ఆడపిల్లలు గేటు మూయకముందే హాస్టలు చేరాలి. గేటు వేళ మార్చే పోరాటం వేరే ఉంది, అదీ చేద్దాం. అది గెలిచేదాకా ఈ పిల్లలు ఆగనక్కర్లేదు. ఆ రెండు రోజులు కుదరనివాళ్ళ కోసం నెలకు ఒక ఆదివారం. ఆ ఆదివారం ఏదో పల్లెవాళ్ళను అడిగి పెట్టాలి.

రెండు: మొదటి ఏడాది లినోకట్ మాత్రమే. ఆమ్లం వద్దు, ప్రెస్సు వద్దు. రెండో ఏడాది జింకు పలక, మైలతుత్తం పద్ధతి. చేతులకు గ్లవ్స్, కళ్ళకు అద్దాలు, వాడిన ద్రావణానికి సున్నం. కెమిస్ట్రీ లెక్చరర్ల పర్యవేక్షణ తప్పనిసరి.

మూడు: నేర్పే చిత్రకారునికి గౌరవ వేతనం ఇవ్వాలి. శాలువా కప్పి, ఫొటో తీయించుకుని, పని ఉచితంగా చేయించుకునే పద్ధతి మానాలి. కూలి ఎగ్గొట్టడాన్ని మా పల్లెలో ఎవరూ సన్మానం అనరు.

నాలుగు: దీనికి మార్కులు పెట్టకండి. మార్కులొచ్చిన మరుక్షణం సీనియరు రికార్డు కూడా వస్తుంది.

అయిదు: ఫ్రెషర్స్ డేకూ ఎన్నికలకూ పుట్టినరోజులకూ మనం కట్టే ఫ్లెక్సీల ఖర్చులో కొంత ఈ గదికి మళ్ళించాలి. ఫ్లెక్సీ మర్నాటికి గాలికి చిరిగి కాలవలో పడుతుంది, కుళ్ళదు, ఎవరికీ పనికిరాదు. లినో పోస్టరు మన చేత్తో చేసింది, కాగితం మీద వేసింది. అందులో ముఖాలు తక్కువ ఉంటాయి గనక కొందరు నాయకులకు నచ్చకపోవచ్చు.

ఆరు: పూర్వ విద్యార్థులైన పెద్దలకు ఒక విన్నపం. మీ రోజుల్లో ఇలాంటి సంచికలు అచ్చాఫీసుల్లో సీసపు అక్షరాలు కూర్చి వేసేవారు. బొమ్మలకు జింకు బ్లాకులు చేయించేవారు. ఆ బ్లాకులు తయారయిందీ ఆమ్లంతోనే. ఆ అచ్చాఫీసులు చాలావరకు మూతపడ్డాయి, ట్రెడిల్ మిషన్లు తూకానికి పోతున్నాయి. మీకు తెలిసినచోట ఒక పాత ప్రూఫ్ ప్రెస్సు తుప్పుపట్టి పడి ఉంటే, పాత ఇనుము కొట్టువాడి కంటె ముందు మాకు కబురు పెట్టండి. తుప్పు మేం వదిలిస్తాం.

చివరగా, వచ్చే ఏడాది సావనీరు ముఖచిత్రం మన విద్యార్థి చెక్కిన అచ్చుతో రావాలి. దాన్ని చెక్కేది అబ్బాయా అమ్మాయా, ఆర్ట్సా సైన్సా, పట్నమా పల్లెటూరా అన్నది నాకు అక్కర్లేదు. చెక్కడానికి కూర్చున్నవాళ్ళు గేటు మూసే వేళయిందని మధ్యలో లేచి వెళ్ళకుండా ఉంటే చాలు. ఈ ప్రతిపాదనను యూనియన్ మొదటి సమావేశంలోనే చర్చకు పెట్టవలసిందిగా ప్రెసిడెంటు గారినీ సెక్రెటరీ గారినీ కోరుతున్నాను. ఒప్పుకోనివాళ్ళు ఎందుకు ఒప్పుకోరో అక్కడే లేచి చెప్పాలి. వినడానికి నేను సిద్ధంగా ఉన్నాను. గది ఊడ్చడానికి కూడా.